మూడువందల పన్నెండో మాట

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆయన అయ్యప్ప ఖతర్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. ఉంటే ఉంది. రాజోలు సెంటర్లో ఆడమనిషి ఒక్కత్తీ ఫ్లెక్సీల షాపు నడపాలంటే ఆపాటి కోపం ఉండాలి. పుట్టినరోజు ఫ్లెక్సీలో తన ఫొటో కంటే బావమరిది ఫొటో రెండంగుళాలు పెద్దదైందని గొడవకొచ్చే జనం ఇక్కడ. అలాంటి వాళ్ల నోళ్లు ఎన్ని మూయించానో లెక్కలేదు. తెరవాల్సినప్పుడు నా నోరు మాత్రం తెరవలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇది పోయేది కాదని తెలిసే చెప్తున్నాను.

సాలమోను మేస్టారు మా హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పారు. రిటైరయ్యి పదహారేళ్లయింది. రెండేళ్లపాటు, ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆయన మా షాపుకి వచ్చేవారు. చేతిసంచిలో పాత ప్రశ్నపత్రాలుండేవి. వాటి వెనక ఖాళీవైపు ఆయన రాత. ఒక్కో కాయితం మీద ఒక్కో ఇంగ్లీషు మాట. అది ఏ దేశంలో పుట్టింది, ఎవరి నోళ్లలో నలిగింది, ఇప్పుడు ఎన్ని అర్థాలు మోస్తోంది, అంతా తెలుగులో, పదో తరగతి పిల్లలకి అర్థమయ్యేలాగ రాశారు. ముప్పై ఏళ్ల పని అది. ఈలోగా కళ్లకి గ్లకోమా వచ్చి చూపు దాదాపు పోయింది. తన రాత తనకే కనపడదు. నేను ఒక్కో కాయితం చదివి వినిపిస్తే ఆయన దిద్దేవారు, దిద్దినదాన్ని నేను టైపు చేసేదాన్ని.

"మేస్టారండీ, పిల్లలు గైడ్లు కొంటారు గానీ ఇది కొంటారాండీ?" అని ఏడిపించేదాన్ని.

"కొనకపోతే మానేరు. పుస్తకం చేత్తో పట్టుకోవాలమ్మా హేమా. పైన నా పేరుండాలి. చదువుకోలేను, ఫరవాలేదు. ఉందని తెలిస్తే చాలు," అనేవారు.

ఆయన అడిగింది అంతే. మనిషి డెబ్భై నాలుగేళ్లు బతికి అడిగింది అంతే.

మూడువందల పదకొండు మాటలయ్యాక ఓ రోజు మేస్టారు సంచిలోంచి ఒకటి కాదు, తొమ్మిది కాయితాలు తీశారు. అన్నీ కలిపి ఒకే మాట. మీన్. నాకు నవ్వొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లకి కూడా తెలిసిన మాటకి తొమ్మిది కాయితాలేమిటండీ అన్నాను.

"ఈ మాట కోసవే మిగతావన్నీ రాసేనమ్మా," అన్నారు. ఆ రోజు టైపు సాగలేదు. ఆయన చెప్పడం, నేను వినడం.

అరవై ఏడులో ఆయన ఎస్సెల్సీ పాసయ్యారు. ఊరికి ఎడంగా ఉన్న వాళ్ల పేట మొత్తానికి పాసైంది ఆయనొక్కరే. కాకినాడలో హాస్టలు సీటు కోసం అప్పటి హెడ్మాస్టరు ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చారు. కుర్రవాడు మీన్ తల్లిదండ్రులకి పుట్టాడు, అయినా శ్రద్ధగా చదువుతాడు అని అందులో ఉంది. లెక్కల్లో మీన్ అంటే సగటు కదా. మరీ గొప్పవాళ్లూ కాదు, మరీ లేనివాళ్లూ కాదు, మా అమ్మానాన్నల్ని మధ్యస్థంగా ఉన్నవాళ్లని రాసేరనుకున్నాను అని మేస్టారు చెప్పారు. పేటలో ఇంటింటికీ తిరిగి చదివి వినిపించారట. వాళ్ల నాన్నగారు ఆ ఉత్తరం మడిచి పట్టుకెళ్లి తను పనిచేసే కామందుకి చూపించారట.

"కామందు చదివి నవ్వేడమ్మా. మా నాన్న కూడా నవ్వేడు, కొడుకుని మెచ్చుకుంటున్నారనుకుని. ఆ నవ్వెందుకో నాకు కాకినాడ వెళ్లి డిక్షనరీ తీసేక తెలిసింది. నీచం అని ఉంది. హీనం అని ఉంది."

అక్కడ ఆగి మంచినీళ్లడిగారు. తాగి మళ్లీ మొదలుపెట్టారు.

ఆ మాట పైకి ఒకటే గానీ పుట్టుకలు మూడట. ఫలానా అర్థం అని చెప్పడానికి వాడే మీన్ ఒక ఇంటిది. అది జర్మనీ వాళ్ల మాటకి చుట్టం. లెక్కల్లో మీన్, అంటే నడిమిది, వేరే ఇంటిది. లాటిన్‌లో పుట్టి ఫ్రాన్సు మీదుగా వచ్చింది. మూడోది ఈ తిట్టు. ఇది ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోడానికి మేస్టారు ఎనిమిదేళ్లు తిరిగారు. రాజమండ్రి పాతపుస్తకాల కొట్లు, విశాఖపట్నం యూనివర్సిటీ లైబ్రరీ, పాస్టర్ల ఇళ్లలో దొరల కాలం నాటి నిఘంటువులు. చివరికి దొరికింది.

"వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషులో దీనికి నీచం అన్న అర్థం లేదమ్మా. అందరిదీ అని అర్థం. ఉమ్మడిది. కాలవ మీద అందరూ దిగే రేవుందనుకో, పశువులన్నీ మేసే బీడుందనుకో, దాన్ని అలా అనేవారు. తర్వాత పెద్దిళ్లవాళ్లు సొంత రేవులు కట్టించుకున్నారు. అందరూ దిగే రేవు వాళ్లకి ఆనలేదు. అందరిదీ అయింది కాబట్టి తక్కువదైంది. అందులో దిగేవాడు తక్కువవాడయ్యేడు. అంతేనమ్మా జరిగింది. మాట ఏ పాపం చెయ్యలేదు. మా అమ్మా నాన్నా కూడా ఏ పాపం చెయ్యలేదు."

ఆయన ఏడ్చారు. నేనూ ఏడ్చాను. షాపులోకి ఎవరో శుభలేఖలకని వస్తే రేపు రమ్మని కసిరి పంపేశాను.

సరిగ్గా ఆ వారంలోనే దిగాడు సుభాష్. సుభాష్ మా బ్యాచే. వాళ్ల తాత ఊరికి కామందు, వాళ్ల నాన్న ఊరికి ప్రెసిడెంటు. పదో తరగతిలో నా వెనక బెంచీలో కూచుని నా పేపరు చూసి రాసేవాడు. బికాజ్‌కి స్పెల్లింగు పెళ్లయ్యేదాకా వచ్చిందో లేదో నాకు అనుమానమే. ఇప్పుడు అమలాపురంలో రెండు రెసిడెన్షియల్ కాలేజీలున్నాయి. నా షాపులో తయారయ్యే ఫ్లెక్సీల్లో సగం ఆ కాలేజీలవే. అప్పట్లో ఒరేయ్ అన్నవాణ్ణి ఇప్పుడు సుభాష్ గారండీ అంటాను. నా మీద నాకు అసహ్యం వేసే సంగతుల్లో ఇదొకటి.

మా బ్యాచి ఆత్మీయ సమ్మేళనం పెడుతున్నారని ఫ్లెక్సీలు చెప్పడానికి వచ్చాడు. మేస్టారు అక్కడే కూచుని ఉన్నారు. వంగి కాళ్లకి దండం పెట్టాడు. పుస్తకం సంగతి విని, తెరమీద నాలుగు పేజీలు పైకీ కిందకీ తోసి చూసి, "అచ్చు పని నాకొదిలెయ్యండి మేస్టారూ. సమ్మేళనం రోజు స్టేజీ మీద విడుదల చేద్దాం," అన్నాడు.

మేస్టారు లేచి నిలబడిపోయారు. గాల్లో చెయ్యి తడుముకుని వాడి తలమీద పెట్టారు. ఆ తొమ్మిది కాయితాలూ టైపు చెయ్యడం అయ్యాక ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి నేనే ఇచ్చాను.

సమ్మేళనం పదకొండు రోజులుందనగా సుభాష్ ఫోన్ చేశాడు. కవరు పేజీ నన్నే చెయ్యమన్నాడు. "మాటల పుట్టుకలు అని పెద్దక్షరాల్లో వెయ్యి. కింద రచన సుభాష్ అని వెయ్యి. లోపల కృతజ్ఞతల్లో మేస్టారి పేరు పెడదాం," అన్నాడు.

నేను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. "అదేంటండీ? రాసింది మేస్టారు కదండీ!" అన్నాను.

"రాసేరు. ఎవరు కాదన్నారు? మా కాలేజీల పేరు మీద వెళ్తేనే నలుగురి చేతుల్లోకీ వెళ్తుంది హేమా. రిటైరైన మేస్టారి పేరు చూసి ఎవడు కొంటాడు చెప్పు. పైగా ఆ రోజు గురువందనం ఉంది. నేనే, నా చేతుల్తో, ఊరందరి ముందూ ఆయన కాళ్లు కడుగుతున్నాను. మా తాత బతికుంటే గుండాగి చచ్చేవాడు. అంత చేస్తుంటే ఇంకా పేరంటావేంటి?"

"ఆయనకి చెప్పేరాండీ?"

"ఆ రోజు చెప్తాన్లే. నువ్వు కంగారుపడకు. కొత్త బ్రాంచి ఫ్లెక్సీలన్నీ నీకే ఇస్తున్నాను."

ఛీ అనాలి నేను. ఫోన్ పెట్టేసి ఎదురుగా ఉన్న వీధిలోకి ఉమ్మెయ్యాలి. "ఆయ్ అండీ," అన్నాను.

కవరు చేశాను. నీలం రంగు వేశాను. రచన సుభాష్ అని నా చేత్తోనే కొట్టాను. తర్వాత ఏం చేశానో చెబితే మీకు నవ్వొస్తుంది. స్కూలు గేటు దగ్గర పెట్టే ఫ్లెక్సీలో మేస్టారి ఫొటో పదడుగులు చేశాను. ఆయన పేరు సుభాష్ పేరు కంటే రెండింతలు పెద్దది చేశాను. మా కోనసీమలో ఎవరికెంత గౌరవం ఇచ్చారో ఫ్లెక్సీ కొలతల్లో తెలిసిపోతుంది కదా. పుస్తకం మీద తీసేసిన పేరుని ఫ్లెక్సీ మీద తీర్చేశాననుకున్నాను. అంత తెలివితక్కువ లెక్క ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి తప్ప రాదు. సమ్మేళనం అయిన మర్నాడే దాన్ని విప్పి ఎవరి కొబ్బరి రాశి మీదో కప్పేస్తారని నాకు తెలియదా?

టైపు పని అయిపోయినా మేస్టారు రావడం మానలేదు. రెండయ్యేసరికి వచ్చి అదే కుర్చీలో కూచునేవారు. "కవరు వచ్చిందామ్మా?" అని అడిగారు.

"వచ్చిందండీ. నీలం రంగండీ."

"నా పేరు ఏ రంగులో వేసేరు?"

మింగలేక కక్కలేక, "తెలుపండీ," అన్నాను.

"నీలం మీద తెలుపు బాగా కనపడుతుంది," అని ఆయన తృప్తిగా తలాడించారు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ రోజులన్నీ గడిపేశాను. చెబితే మేస్టారు ఏం చేస్తారోనని కాదు నా భయం. సుభాష్ ఏం చేస్తాడోనని. అదీ నిజం.

సమ్మేళనం ఆదివారం పొద్దున పెట్టారు. మేస్టారి భార్య హన్నా అమ్మగారికి అది మొదటి నుంచీ నచ్చలేదు. "ఆరాధన మానిపించి కాళ్లు కడగడవేంటమ్మా? ప్రభువు రోజు తప్ప వీళ్లకి ఇంకో రోజు లేదా?" అని నాతో సణిగారు. అయినా భర్త పుస్తకమని ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూచున్నారు. పక్కన నేను. పేట నుంచి కూడా చాలామంది వచ్చారు. కామందు మనవడు సాలమోను మేస్టారి కాళ్లు కడుగుతాడట అని ముసలమ్మలు సైతం ఆటోలెక్కి వచ్చారు.

స్టేజీ మీద మేస్టారిని సింహాసనం లాంటి కుర్చీలో కూచోబెట్టారు. కాళ్ల కింద ఇత్తడి పళ్లెం. "నాకొద్దు బాబూ, ఇవన్నీ ఎందుకు," అంటూనే ఉన్నారాయన. సుభాష్ పట్టుపంచె ఎగ్గట్టి కింద కూచుని, ఆయన పాదాలు ఎత్తి పళ్లెంలో పెట్టి, గులాబీ రేకులు వేసిన నీళ్లు పోశాడు. చప్పట్లు మోగిపోయాయి. నా వెనక కూచున్న పేట ముసలమ్మ ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ ఎందుకేడ్చిందో నాకు తెలుసు. అది దొంగ ఏడుపు కాదు. సుభాష్‌కి కావలసింది కూడా అదే.

ఆ కాళ్లు పళ్లెంలో ఉండగానే యాంకరమ్మాయి మైకందుకుంది. "ఇప్పుడు మన ప్రియతమ సుభాష్ గారు రచించిన మాటల పుట్టుకలు గ్రంథాన్ని ఆవిష్కరించుకుందాం!"

మేస్టారి తల ఆ మాట వచ్చిన వైపు తిరిగింది. కాళ్లు వెనక్కి లాక్కోబోయారు. పళ్లెంలో నీళ్లు తొణికి సుభాష్ పంచె మీద పడ్డాయి. సుభాష్ రెండు చీలమండలూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండండి మేస్టారూ, ఫొటో తీస్తున్నారు," అన్నాడు నవ్వుతూ. మైకు దగ్గర్లోనే ఉంది. అందరికీ వినపడింది. అందరూ నవ్వారు.

తర్వాత సుభాష్ మాట్లాడాడు. మూడువందల మాటలున్నా తనకి ప్రాణప్రదమైన మాట ఒకటుందన్నాడు. ఆ ఒక్కదాని మీదే ఎనిమిదేళ్లు పరిశోధన చేశానన్నాడు. ఉమ్మడి రేవు సంగతి చెప్పాడు. సొంత రేవులు కట్టుకున్నవాళ్ల సంగతీ చెప్పాడు. తడబడకుండా, అక్కడక్కడ గొంతు తగ్గించి, బాగానే బట్టీపట్టాడు. ఎవరో ఒక పేద కుర్రాడు హెడ్మాస్టరు ఇచ్చిన ఉత్తరం ఇంటింటికీ తిరిగి చదివి వినిపించాడనీ, ఆ కుర్రాడి కథ విని తన మనసు కరిగిపోయిందనీ చెప్పాడు. ఆ ఉత్తరం చూసి నవ్విన కామందు ఎవరో మాత్రం చెప్పలేదు. ఆ కుర్రాడు తడికాళ్లతో తన పక్కనే కూచుని ఉన్నాడనీ చెప్పలేదు.

హన్నా అమ్మగారు నా చెయ్యి పట్టుకుని లాగారు. "ఆ ఉత్తరం మా ఆయనది కదమ్మా? ఈయన చెప్పేస్తున్నాడేంటి?" అన్నారు. నేను లేవాలి. లేచి, ఒరేయ్ సుభాష్ అని ఒక్క కేక వెయ్యాలి. ఆ కేక నా గొంతులో ఉంది కూడా. కుక్కిన పేనులా కూచున్నాను.

మేస్టారిని రెండు మాటలు చెప్పమని చేతికి మైకిచ్చారు. ఆయన దాన్ని తడిమి నోటి దగ్గర పెట్టుకున్నారు. "దేవుడు మిమ్మల్నందర్నీ దీవించును గాక," అని మైకు తిరిగి ఇచ్చేశారు. శాలువా కప్పి, ఆయన చేతిలో ఒక పుస్తకం పెట్టారు.

భోజనాలకి ఉండలేదు వాళ్లు. ఆటో పిలిచి నేనే తీసుకెళ్లాను. హన్నా అమ్మగారు బైబిలు చదివినట్టే వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని కవరు చదివారు. చదవడం అయ్యాక పుస్తకాన్ని ఒళ్లోంచి తీసి సీటు మీద పడేశారు.

"యేసయ్య కూడా శిష్యుల కాళ్లు కడిగేడు. కడిగేసి వాళ్ల వలలు పట్టుకుపోలేదు," అన్నారు. దారంతా తిట్టారు. సుభాష్‌ని, వాళ్ల నాన్నని, వాళ్ల తాతని, చప్పట్లు కొట్టినవాళ్లని. ఆవిడ తిట్టిన ప్రతి తిట్టూ నాకే తగులుతోంది.

ఉండబట్టలేక, "మేస్టారండీ, ఫైలు నా దగ్గరుందండీ. నేనే వేయిస్తానండీ మీ పేరుతో. నెలలో చేతికిస్తానండీ," అన్నాను.

ఆయన చిన్నగా నవ్వారు. "ఎలా వేస్తావమ్మా? ఊరంతా చూసేరు. కాళ్లు కడిగించుకుని, కడిగినోడి పుస్తకం ఎత్తుకుపోయేడంటారు. పేటవాడి బుద్ధి ఎక్కడికి పోతుందంటారు. అన్నీ ఆలోచించే కడిగేడు సుభాష్. వాడికి ఇంగ్లీషు రాలేదు గానీ తెలివి బాగానే వచ్చింది."

ఆటో వాళ్ల వీధి మలుపు తిరిగింది. మేస్టారు తల నా వైపు తిప్పారు. ఆయన నన్ను చూడలేరని తెలిసీ నేను మొహం దాచుకున్నాను.

"కవరు నువ్వే చేసేవు కదా. నీకెప్పుడు తెలిసిందమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే అనొచ్చు. "పదకొండు రోజులైందండీ," అన్నాను.

హన్నా అమ్మగారి తిట్లు ఆగిపోయాయి. ఆటో ఇంటి ముందు ఆగింది. ఆవిడ ముందు దిగి, భర్త చెయ్యి పట్టుకుని దింపారు. నేనూ దిగబోతే వద్దన్నట్టు ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"సుభాష్ మీద నాకు కోపం లేదమ్మా. ఆ పుస్తకంలో ఏవుందో వాడికి తెలీదు. కావలసిన నాలుగు ముక్కలు ఏరుకున్నాడు. నువ్వు అక్షరం అక్షరం చదివేవు. పైకి చదివేవు. నేను విన్నాను."

ఆయన ఇంటివైపు రెండడుగులు వేసి ఆగారు.

"నా కాయితాలు నీ దగ్గరున్నాయి. రేపు మా ఆవిడొచ్చి పట్టుకెళ్తుంది. ఒక్కటి కూడా ఉంచుకోకుండా ఇచ్చెయ్యి."

"ఆయ్ అండీ," అన్నాను.